ఆకు దూసిన మల్లె

పోయిన కార్తీకంలో మా మేనత్త అనసూయమ్మ ఆటో ఎక్కి ఒక్కతే మా ఇంటికి వచ్చింది. నేను సూర్యాపేటలో కాపురం పెట్టి నలభై ఏళ్లు కావస్తున్నా ఆమె మా గడప తొక్కడం అదే మొదలు. మా నాయనకు అక్క. ఎనభై దాటింది. మామయ్య పోయాక మిర్యాలగూడ ఇల్లు అమ్మి, కూతురితో పాటు ఇక్కడే కోదాడ రోడ్డు వైపు కట్టిన కొత్త అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నదని నాకు తెలుసు. తెలిసి కూడా మూడేళ్లుగా చూడబోలేదు. ఆమె గేటు తీసుకొని వచ్చి, చెప్పులు విడవకముందే ముక్కు ఎగబీల్చింది. పొద్దున రాలిన పారిజాతాలు ఇంకా ఎత్తలేదు, గచ్చంతా పరుచుకొని ఉన్నాయి. లోపల కిటికీ అరుగు మీద మరువం, దవనం కుండీలు, మంచం పక్కన కొత్తగా పూకాడ వేసిన లిల్లీ. ఆమె ఒక్కొక్క కుండీ దగ్గర ఆగి, వంగి, వాసన చూసుకుంటూ ఇల్లంతా తిరిగింది. నేను వెనకాలే నడిచాను. దొంగ ఇంట్లోకి వస్తే కూడా అంత దగ్గరగా కాపలా కాయనేమో.

చాయ్ సాసర్‌లో పోసుకొని ఊదుకుంటూ అసలు సంగతి చెప్పింది. ఫ్లాటుకు మారిన ఏడాదే బాల్కనీలో పెద్ద కుండీ పెట్టి, హైవే మీద నర్సరీ నుంచి బొడ్డుమల్లె తెప్పించి పెట్టిందట. మూడేండ్లయింది. ఆకు దట్టంగా వస్తున్నది, తీగ సాగుతున్నది, మొగ్గ మాత్రం లేదట. ఎరువు వేసింది, గుడ్డు పెంకులు వేసింది, దిష్టి తీసింది. ఇక ఏం చేయాలో తోచక నా దగ్గరికి వచ్చిందట. అంతా చెప్పి సాసర్ కింద పెట్టి, ఎంతో మామూలుగా ఒక మాట అన్నది.

"జర వచ్చి ఒక్కసారి నీ చెయ్యి పెట్టరాదు బిడ్డా. నీ చెయ్యి మంచిదంటరు అందరు."

ఆ నోటి నుంచి ఆ మాట. లేచి వంటింట్లోకి పోయి, పని లేకపోయినా నల్లా తిప్పి కాసేపు నిలబడ్డాను. వయసు మీద పడితే మనిషికి క్షమించడం అదంతట అదే వస్తుందని పుస్తకాలు రాసేవాళ్లు రాస్తుంటారు. నేనూ రాశాను, ఒకటి రెండు చోట్ల. అది అబద్ధం. పాము పగ పన్నెండేళ్లంటారు. నాది యాభై ఏళ్లు దాటింది, ఇంకా దాని కోరలు ఊడలేదు. బయటికి వచ్చి, పుష్యం రానియ్యి, అప్పుడు చెప్తానని మాత్రం అన్నాను. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. ఆమెకు ఏమీ గుర్తు లేదని నాకు అప్పుడే అర్థమైంది.

మాది మోతె దగ్గర పల్లె. ఏడో తరగతి అయ్యాక నాయన నన్ను తీసుకుపోయి మిర్యాలగూడలో అత్తమ్మ ఇంట్లో దించాడు, హైస్కూలు అక్కడే చదువుకొమ్మని. మామయ్య రైస్ మిల్లులో గుమస్తా. ఇల్లు మిల్లుకు రెండు గోడల అవతల. ఆ ఇంటి వాసన ఇప్పుడు తలచుకున్నా ముక్కుకు తగులుతుంది. ఉడికిన వడ్ల పులిసిన వాసన, దాని మీద ఊక కాలిన పొగ. నల్లటి బూడిద నలుసులు గాలిలో తేలుతూ వచ్చి ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని పాల మీద, మా జుట్టులో వాలేవి. తెల్లవారకముందే నేను లేచి వాకిలి ఊడ్చాలి, మళ్లీ తొమ్మిదింటికి ఊడ్చాలి, బడి నుంచి వచ్చాక ఇంకోసారి ఊడ్చాలి. అత్తమ్మ ఆ బూడిద మీద యుద్ధం చేస్తూనే బతికింది. గిన్నెలు బోర్లించడం, గుడ్డలు దులపడం, గడప కడగడం. ఆ శుభ్రం మనుషుల మీదికి కూడా పాకేది. ఎవరు ఏ పీట మీద కూర్చోవాలి, ఎవరు ఏ గ్లాసు ముట్టాలి, అన్నింటికీ లెక్క ఉండేది.

ఆ ఇంట్లో పచ్చగా ఉన్నది ఒక్కటే, నీళ్ల తొట్టి పక్కన మూరెడు మట్టిలో ఉన్న బొడ్డుమల్లె. వాడకంతా ఆ చెట్టు పేరు తెలుసు. ఎండాకాలం సాయంత్రం పూట మల్లెలు విచ్చుకునే వేళకు మిల్లు వాసన కాసేపు ఓడిపోయేది. ఆ కాసేపు కోసమే నేను ఆ ఊళ్లో ఉండగలిగాననుకుంటాను. నాలుగు బిందెలు నీళ్లు పోసేది నేను, బియ్యం కడిగిన నీళ్లు దాచి పోసేది నేను, తడిగుడ్డతో ఒక్కొక్క ఆకు మీది బూడిద తుడిచేది నేను. పూలు తెంపేది మాత్రం అత్తమ్మ. దేవుడికి పెట్టే పూలు వాసన చూడకూడదని నన్ను దూరం నిలబెట్టి, ఒడి నిండాక తాను మాత్రం ముఖం అందులో పెట్టి ఒక నిమిషం తీసేది కాదు. అరటినారతో కట్టి, పక్కింటి పంతులుగారి భార్యకు మూర, ఎదురింటికి బెత్తెడు, తనకు మూరన్నర. నాకు రెండు మొగ్గలు, అది కూడా కట్టగా మిగిలితే. నేను రెండో ఏడు అక్కడున్నప్పుడు చెట్టు పూత తగ్గింది. మూడో ఏడు మరీ తగ్గింది. ఎవరిదో కన్ను పడ్డదని అత్తమ్మ కొమ్మకు నల్లదారం కట్టి, పాత చెప్పు వేలాడదీసింది. పంతులుగారి భార్యకు బెత్తెడు ఇచ్చిన రోజు ఆమె ముఖం చూస్తే నాకు జాలి వేసింది. అవును, జాలే. అందుకే చేశాను ఆ పని.

ఆ మాఘంలో అమ్మ తరఫు వాళ్ల పెళ్లికి కోదాడ వెళ్లాం. విడిదింటి వెనకాల సైదమ్మ అనే ముసలామె మల్లెతోట ఉంది. పొద్దున దొడ్డివైపు పోయిన నేను తోట చూసి మేకలు మేసి పోయాయనుకున్నాను. ఒక్క చెట్టుకూ ఆకు లేదు, అన్నీ పుల్లలే. సైదమ్మ వరుసలో కూర్చొని మిగిలిన చెట్ల ఆకు కూడా తన చేత్తోనే దూసేస్తున్నది. ఎందుకలా చేస్తున్నావని అడిగితే నవ్వి, పక్కన కూర్చోమన్నది.

"ఆకు దూయకపోతే మల్లెకి బద్ధకం అమ్మాయ్. ఆకుల్నే సాక్కుంటా కూర్చుంటది. కడుపు మాడిస్తేనే మొగ్గేస్తది."

పుష్యంలోనే నీళ్లు ఆపేయాలట. ఆకు వాడిపోయాక దూసేసి, కొమ్మల చివర్లు కత్తిరించి, మొదట్లో మట్టి గుల్ల చేసి, మాగిన పేడ వేసి, వారం రోజులు ఎండనిచ్చి అప్పుడు కడుపు నిండా నీళ్లు పెట్టాలట. ఇరవై రోజులకు చిగురు, ఆ చిగురుతోనే మొగ్గ. నీళ్లు ఒక రోజు ముందు పెట్టినా ఆకే వస్తుంది, పువ్వు రాదన్నది. ఆ పొద్దున ఆమెతో కలిసి పది చెట్లకు ఆకు దూశాను. అరచేతులు ఆకుపసరుతో పచ్చబడి, రెండు రోజులు అన్నంలో కూడా ఆ పచ్చివాసనే వచ్చింది. ఒక పని ఎందుకు చేయాలో తెలిసి చేయడం నాకు అదే మొదలు. బడిలో ఏ పాఠమూ అంత సంతోషం ఇవ్వలేదు.

మిర్యాలగూడ తిరిగి వచ్చిన వారానికి అత్తమ్మ వాడపల్లి పోయింది, మూసీ కృష్ణలో కలిసే చోట స్నానానికి, రెండు రోజుల కోసం. అంతకు ముందు నుంచే నేను చెట్టుకు నీళ్లు తగ్గిస్తూ వచ్చాను. ఆమె అటు పోగానే కూర్చొని మొత్తం దూశాను. కత్తెరతో చివర్లు తీశాను, నల్లదారం, చెప్పు కూడా తీసి పారేశాను. మామయ్య మిల్లు నుంచి వచ్చి చూసి, ఏమీ అర్థం కాక, అత్తమ్మకు చెప్పే చేశావా అని మాత్రం అడిగాడు. చెప్పలేదు. నా తప్పు అంతే. పూసినప్పుడు ఆమె ముఖంలో సంతోషం చూద్దామని చెప్పలేదు.

ఆమె నన్ను కొట్టలేదు. కొడితే ఈ పాటికి మరిచిపోయేదాన్నేమో. సంచి కింద పెట్టి, పుల్లల్లా నిలబడ్డ చెట్టును చూసి, బయటికి పోయి పంతులుగారి భార్యను, ఎదురింటావిడను, ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చింది. వాళ్ల ముందు నన్ను చెట్టు పక్కన నిలబెట్టింది. నేను కోదాడ సంగతి, సైదమ్మ సంగతి చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాను అనాలి. అత్తమ్మ గడ్డపార తెచ్చి మొదట్లో దించింది. వేరు పెళ్లగిలి వచ్చేటప్పుడు కణుపు కణుపుకూ ఆవగింజంత పచ్చటి మొలక కనిపించింది. నేను ఆ కొమ్మ పట్టుకొని, చూడు అత్తమ్మా, బతికే ఉన్నది చూడు అని ఏడ్చాను. ఆమె కొమ్మ వైపు చూడలేదు. వచ్చినవాళ్ల వైపు చూసింది.

"గిది ముట్టుకున్నది ఏదీ బతకదు. పాడుచెయ్యి. మీ ఇండ్లల్ల కూడ జర పైలం."

చెట్టును ఈడ్చుకుపోయి మిల్లు వెనకాల రగులుతున్న ఊకకుప్ప మీద వేసింది. పచ్చి కొమ్మలు కదా, చాలాసేపు పొగే వచ్చింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చాననే సామెత ఉంది చూడండి, ఆ రోజు నాకు తెలిసింది అందులో నవ్వేం లేదని. ఆ నలుగురు ఆడవాళ్లు నా చేతుల వైపు చూసిన చూపు ఇప్పటికీ నా చేతుల మీదే ఉంది.

పేరు పడడానికి ఒక్క పూట చాలు. మోతెకు నాకంటే ముందే ఆ మాట చేరింది. మా పొలంలో నాటు మొదలుపెట్టేటప్పుడు ఇంటి ఆడపిల్లతో మొదటి నారు పెట్టించేవాళ్లు. ఆ ఏడు నుంచి నన్ను గట్టు మీదే కూర్చోబెట్టారు. మామిడికాయ పచ్చడి కలిపేటప్పుడు జాడీ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. పెళ్లయి అత్తగారింటికి పోతే అక్కడికీ ఎవరో చేరవేశారు. మా అత్తగారు మంచిదే, నన్ను ఏమీ అనలేదు, తులసికోటకు నీళ్లు మాత్రం తానే పోసుకునేది. వీటన్నింటినీ మింగాను. మింగలేకపోయింది ఒక్కటి. మా చెల్లె సుజాత పెళ్లికి పూలజడ నేనే కుట్టాలని నెల ముందు నుంచి అనుకున్నాం. పొద్దున్నే మొగ్గలు, సూదిదారం ఒళ్లో పెట్టుకొని కూర్చొని, మొదటి వరుస గుచ్చుతున్నాను. అత్తమ్మ వచ్చి, పెళ్లిపిల్ల తల మీద గా చెయ్యి వద్దంటూ బుట్ట నా ఒళ్లో నుంచి తీసి, ఎవరో దూరపు చుట్టం చేతిలో పెట్టింది. అమ్మ అక్కడే ఉన్నది. కిమ్మనలేదు. ఆడపడుచుకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. అమ్మను ఎన్నో వాటికి క్షమించాను గానీ దీనికి క్షమించలేదు, ఆమె పోయిన తరువాత కూడా.

అప్పటి నుంచి నేను పెంచిన ప్రతి చెట్టూ ఆమె మీద కోపంతో పెంచినదే. సూర్యాపేటలో మొదట కిరాయికి దిగిన ఒంటి గదికి ఒకే కిటికీ. అందులో నూనెడబ్బా కోసి మరువం పెట్టాను. బతికింది. దాని పక్కన దవనం. అదీ బతికింది. తరువాతి ఇంట్లో సన్నజాజి, విరజాజి, మా సొంత ఇంట్లో సంపెంగ, నైట్ క్వీన్, గోడ వెంట ఏడు మల్లెలు. చివ్వెంల నుంచి బస్సులో వచ్చే నా తోటి టీచర్లు ఖాళీ సంచులతో వచ్చి అంట్లు తీసుకుపోయేవాళ్లు. కొత్త అంటు వేరు పట్టినప్పుడల్లా నేను మనసులో ఒక ముఖం చూసుకొని, చూశావా అనుకునేదాన్ని. నువ్వు పూలు పెంచుతలేవు, మీ అత్తమ్మను తిడుతున్నవ్ అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. తిట్టు కూడా శ్రద్ధగా పెంచితే మంచి వాసన వస్తుందని ఆయనకు చెప్పాను. అప్పుడు ఒక వాడకంతా ఒక్క మల్లెచెట్టు, బెత్తెళ్లు, మూరలు. ఇప్పుడు మార్కెట్‌లో కవర్లలో దొరుకుతాయి, ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు, చెట్టు ఎట్లా ఉంటుందో తెలియని పిల్లలు జడలో పెట్టుకొని సాయంత్రానికి తీసి పారేస్తారు. ముట్టుకుంటే మాడిపోతుందని ఇప్పుడు ఎవరినీ ఎవరూ అనరు. ముట్టుకునేవాళ్లే లేరు. ఏది మేలో నాకు తెలియదు, నా చేతుల సంగతే నాకు తెలుసు.

పుష్యం వచ్చింది. ఫోన్ చేసి అత్తమ్మకు నీళ్లు ఆపేయమని చెప్పాను. చస్తది కదా అన్నది. చస్తే చావనియ్యి అన్నాను. మాఘంలో ఆమె ఫ్లాటుకు పోయి, బాల్కనీలో కుర్చీ వేయించుకొని కూర్చున్నాను. నేను చెయ్యి పెడతాననుకొని ఆమె కుండీ నా వైపు జరిపింది. నేను చేతులు ఒళ్లోనే పెట్టుకొని, నువ్వే దుయ్యి అన్నాను. మొదట అర్థం కాలేదు ఆమెకు. ఆకులన్నీ అన్నాను. ఒకటి దూసి నా వైపు చూసింది, ఇంకోటి దూసింది. ఒక్కొక్కటిగా గంటసేపు దూసింది. మధ్యలో చాలా అని అడిగింది. ఒక్కటి కూడా ఉండొద్దన్నాను. చివరి కొమ్మ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ మోడును చూసింది, కింద పడ్డ ఆకును చూసింది, మెల్లగా నా ముఖం చూసింది.

"మిర్యాలగూడెంల ఆనాడు నువ్వు చేసింది గిదేనా?"

"గిదే."

"మరి చెప్పొద్దా బిడ్డా."

"చెప్పిన అత్తమ్మా. నువ్వు గడ్డపార తేబోయినవ్."

ఆమె కుండీ పక్కనే నేల మీద కూలబడింది. జాలి పడవలసిన చోటు అది. నేను పడలేదు. చాలా ఏళ్లుగా దాచుకున్న ఆకలి తీరుతున్నట్టుంది నాకు, నిజం చెబుతున్నాను. ఇక వారానికి నీళ్లు పోయాలి, ఒక రోజు అటూ ఇటూ అయితే పువ్వు రాదు, ఏ రోజు పోయాలో నేను చెప్తాను అన్నాను. కానీ అంతకు ముందు, పాడుచెయ్యి అని ఎవరెవరికి చెప్పావో వాళ్లందరికీ నా ముందు ఫోన్ చేసి, ఆ చెట్టును చంపింది నువ్వని చెప్పాలి అన్నాను. ఆమె వాదించలేదు. వారం తరువాత నేను పోయేసరికి ఫోన్, కళ్లద్దాలు ముందు పెట్టుకొని కూర్చొని ఉంది.

తీరా చూస్తే చెప్పడానికి మనుషులు లేరు. అమ్మ లేదు, నాయన లేడు, మా అత్తగారు లేరు. ఎదురింటావిడ, ఆనాడు వచ్చిన మిగతా ఇద్దరు పోయి చాలా కాలమైందట. పంతులుగారి భార్య ఉన్నది, ఫోన్ ఎత్తింది కూడా, కానీ అనసూయమ్మ ఎవరో ఆమెకు గుర్తు రాలేదు. ఎవరు, ఎవరు అని అడుగుతూనే ఉంది. మిగిలింది సుజాత. అత్తమ్మ స్పీకర్ పెట్టి, నా వైపు చూడకుండా, బళ్లో పిల్ల అప్పజెప్పినట్టు చెప్పింది. మీ అక్క చెయ్యి మంచిదే బిడ్డా, ఆ మల్లెచెట్టును సంపింది నేనే, నీ జడ కుట్టనియ్యకుండ చేసింది గూడ నేనే. అవతల సుజాత వెనక టీవీ చప్పుడు వినిపిస్తున్నది.

"ఏ జడ అత్తమ్మా?" అన్నది సుజాత. "నాకేం యాది లేదు. గవన్నీ ఇప్పుడెందుకు?"

ఫోన్ పెట్టేశాక మేమిద్దరమే మిగిలాం. నా మీద పడ్డ మచ్చ ఈ భూమి మీద ఇంకెవరికీ గుర్తు లేదు. వేసిన మనిషికి నేను గుర్తు చేస్తే గుర్తొచ్చింది, మోసిన మనిషిని నేను. నా వైపు సాక్ష్యం చెప్పడానికి ఒక్కరూ లేరు, నన్ను తప్పు పట్టడానికీ ఒక్కరూ లేరు. చెల్లె మీద కోపం వచ్చింది, వెంటనే చల్లారింది. అత్తమ్మ మీది కోపం చల్లారలేదు. ఆమె గోడ పట్టుకొని లేచి, చెంబు నిండా నీళ్లు తెచ్చి, మోడు పక్కన నిలబడింది.

"ఇగ పోయనా బిడ్డా?" అని అడిగింది.

పోయవలసిన రోజు అదే. మట్టి వేలితో నొక్కి చూశాను, బాగా ఎండింది. ఇంకా రెండు రోజులు ఆగు అని చెప్పాను. ముందు పోస్తేనే చేటు, రెండు రోజులు ఆలస్యమైతే మల్లె ఏమీ చావదు, పూత కూడా ఎటూ పోదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె తల ఊపి చెంబు కింద పెట్టి, ఆ మోడు ముందు కూర్చుంది.